వరహాలరావు గారి రెండు పాయింట్లు

రాష్ట్ర ఉప్పు గిడ్డంగుల పర్యవేక్షణ శాఖలో కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున కొల్లి నీలాద్రి వాళ్ళమ్మ వీధంతా తిరిగి పూతరేకులు పంచింది. ఆ శాఖ ఏం చేస్తుందని ఆవిడ అడగలేదు. అడిగినా చెప్పగలిగినవాళ్ళు కొత్తరేవులో ఎవరూ లేరు. గిడ్డంగులు కూలిపోయి చాలాకాలమైంది. ఉప్పు ఇప్పుడు పాకెట్లలో వస్తోంది. పర్యవేక్షణ మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా సాగుతోంది.

నీలాద్రికి ఆ ఉద్యోగం క్రీడాకారుల కోటాలో వచ్చింది. ఇరవయ్యేళ్ళకే దేశం తరఫున షటిల్ ఆడినవాడు. వేల్స్ దేశంలో, కార్డిఫ్ అనే ఊళ్ళో జరిగిన అంతర్జాతీయ పోటీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి, ఆ దేశపు కుర్రాడు రిస్ పారీ చేతిలో మూడో గేములో రెండంటే రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ ఆఖరి కాక్ నెట్ అంచు మీద కూర్చుని, కాసేపు ఎటు పడదామా అని ఆలోచించుకుని, చివరికి ఇటు పడింది. అటు పడి ఉంటే తన బతుకు మరోలా ఉండేదని నీలాద్రి నమ్మకం. మళ్ళీ ఒక్కసారి అక్కడికి వెళ్ళాలి, మళ్ళీ ఆ పారీతో ఆడాలి. అతనికున్న కోరికల్లా అదే. తిండి సంగతి ప్రభుత్వం చూసుకుంటే ఆట సంగతి తను చూసుకోవచ్చనే ఉద్యోగంలో చేరాడు.

చేరిన రోజు సాయంత్రమే డిప్యూటీ డైరెక్టరు వరహాలరావు గారు కబురు పెట్టారు. ఆయన యాభై దాటిన మనిషి. కాస్త పొట్ట, కాస్త షుగరు, ఆట మీద మాత్రం బోలెడు ప్రేమ. రోజూ ఆఫీసర్స్ క్లబ్బులో షటిల్ ఆడనిదే ఆయనకి అన్నం సయించదు.

"ఏవయ్యా, అంతర్జాతీయం అంటున్నారు. ఏదీ, ఓ పట్టు పడదాం రా" అన్నారు.

నీలాద్రి చిన్నవాడు, ఆఫీసుల పద్ధతి తెలియనివాడు. పిలిచారు కదా అని వచ్చిన ఆట వచ్చినట్టు ఆడేశాడు. పావుగంటలో అంతా అయిపోయింది. చుట్టూ కూర్చున్న గుమాస్తాలు చప్పట్లు కొట్టాలో మానాలో తెలియక అరచేతులు గాల్లోనే ఆపుకున్నారు. వరహాలరావు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బావుంది" అని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే నీలాద్రి బల్ల మీద మెమో ఉంది. 'మీరు నిన్నటి సాయంత్రము పలువురి సమక్షమున మీ పై అధికారిని ఓడించినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇట్టి చర్యను క్రమశిక్షణా రాహిత్యముగా ఏల పరిగణించరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'

దాన్ని తయారుచేసింది సూపరింటెండెంటు కామేశం గారు. ఆయన్ని వరహాలరావు గారు ఏమీ అడగలేదు. అడిగేదాకా ఆగే రకం కాదాయన.

"ఇదేంటండీ? ఆటలో కూడా ఓడించకూడదాండీ?" అన్నాడు నీలాద్రి.

"ఆటలో శుభ్రంగా ఓడించొచ్చు బాబూ. అధికారిని ఓడించకూడదు" అన్నారు కామేశం గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఆఫీసు అయిదింటికి మూసేస్తాం. హోదాని కూడా మూసేస్తామేంటి? నిక్కరు వేసుకున్నంత మాత్రాన ఆయన డిప్యూటీ డైరెక్టరు కాకుండా పోతారా, నువ్వు జూనియర్ అసిస్టెంటువి కాకుండా పోతావా?"

వారం తిరక్కుండా సర్క్యులర్ కూడా వచ్చింది. జూనియర్ అసిస్టెంటు సీనియర్ అసిస్టెంటు చేతిలో కొద్దిలోనూ, సూపరింటెండెంటు చేతిలో మర్యాదగానూ, డిప్యూటీ డైరెక్టరు చేతిలో చిత్తుగానూ ఓడిపోవలెను. తన కన్న కింది హోదా వారిని ఓడించవచ్చును, అయితే వారి మనసు నొప్పించరాదు.

నీలాద్రి ఆ సాయంత్రం బుద్ధిగా ఓడిపోయాడు. కాక్‌లన్నీ నెట్‌కి కొట్టాడు. వరహాలరావు గారికి ఒళ్ళు మండింది.

"నా మీద జాలి పడుతున్నావేంటయ్యా? నాకు ఆట రాదనా?"

మర్నాడు ఇంకో మెమో. 'ఉద్దేశపూర్వకముగా ఓడిపోయి పై అధికారిని కించపరచినట్లు' ఈసారి అభియోగం. కామేశం గారు పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించి చెప్పారు.

"ఓడిపోవాలి నాయనా, కానీ గెలుద్దామని ఓడిపోవాలి. చెమట పట్టాలి. రెండుమూడు సార్లు కింద పడాలి. ఆయన కొడితే నువ్వు 'అయ్యబాబోయ్' అనాలి. అదీ సర్వీసంటే."

పాపం, నీలాద్రి చేతిలో విద్య ఉన్నవాడు. ఎదుటివాడికి అందకుండా పంపే విద్యనే అందేలా పంపడానికి తిప్పాడు. వరహాలరావు గారి రాకెట్ ఎక్కడుంటుందో కనిపెట్టి కాక్‌ని సరిగ్గా దాని మధ్యకి పంపడం నేర్చుకున్నాడు. అదీ తిన్నగా కాదు. ఆయన రెండడుగులు పరిగెత్తాలి, చెయ్యి చాపాలి, అందదేమో అనిపించాలి, అందాలి. అందిన కాక్ టప్పుమని అవతల మూలకి పోవాలి, నీలాద్రి దాని కోసం దూకి పడిపోవాలి. ఇది గెలవడం కన్న ఎంత కష్టమో ఆడేవాళ్ళకి తెలుస్తుంది. మూడేళ్ళలో ఆ పనిలో అతని అంతటివాడు ఈ భూమ్మీద లేకుండా పోయాడు, ఆ సంగతి ఒక్కడికీ తెలియలేదు.

ఈ మూడేళ్ళలో వరహాలరావు గారి పొట్ట తగ్గింది. షుగరు అదుపులోకొచ్చింది. అంతర్జాతీయ ఆటగాణ్ణి రోజూ చిత్తుగా ఓడించే అధికారి అని చుట్టుపక్కల జిల్లాల్లో పేరొచ్చింది. క్లబ్బులో కుర్ర ఉద్యోగుల్ని కూర్చోబెట్టుకుని మణికట్టు ఎలా తిప్పాలో చెప్పేవారు. "ఆటంతా ఇక్కడుందర్రా" అని మణికట్టు చూపించేవారు. నీలాద్రి ఒక్కడే తెల్లారగట్ల మిషను స్కూలు షెడ్డులో గోడతో ఆడుకునేవాడు. ఆ ఊళ్ళో హోదా లేనిది ఆ గోడ ఒక్కటే.

అలాంటి రోజుల్లో కార్డిఫ్ పోటీకి రాష్ట్ర షటిల్ సంఘం ఒక పేరు పంపవచ్చని పిలుపు వచ్చింది. నీలాద్రికి ఇరవయ్యారు నిండాయి. ఇప్పుడు పోకపోతే ఇక పోవడం లేదు. ఆ రోజే దరఖాస్తు పెట్టాడు. రాష్ట్ర సంఘానికి అధ్యక్షుడు ఉప్పు గిడ్డంగుల శాఖ కార్యదర్శి గారే కనక అది కార్యాలయం ద్వారానే పైకి పోవాలి. కార్యాలయంలో దాని మీద సమావేశం వేశారు.

"అర్హతానర్హతలు నిష్పక్షపాతముగా పరిశీలించవలసి యున్నది" అని మొదలెట్టారు కామేశం గారు. "దరఖాస్తుదారు గత మూడు సంవత్సరములుగా ఈ కార్యాలయమున ప్రతి ఒక్కరి చేతిలోనూ ఓడిపోయి యున్నారు. నా చేతిలో కూడా ఓడిపోయి యున్నారు. నాకు కుడికన్ను ఆపరేషను అయిన వారంలో కూడా."

నీలాద్రి లేచి నిలబడ్డాడు. "సార్, మీరే కదండీ ఓడిపొమ్మన్నారు. సర్క్యులర్ వేశారు కదండీ!"

"సర్క్యులర్ ఓడిపొమ్మన్నది. మెరిట్ పెంచుకోవద్దని ఎక్కడా అనలేదే?"

వరహాలరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "నాకు వీడంటే ప్రేమేనయ్యా. కానీ దేశం పరువు కూడా చూసుకోవాలిగా. రోజూ నా చేతిలో ఓడిపోయేవాణ్ణి పంపి, రేపు అక్కడ ఓడిపోయాడంటే మనకి తలవంపులు కాదూ?"

"మరైతే ఎవర్ని పంపుదామంటారు?" అన్నారెవరో.

దాని జవాబు అందరి కళ్ళెదురుగానే కూర్చుని ఉంది. నీలాద్రిని ఓడించినవారు వరహాలరావు గారు. అయితే తనిఖీకి వచ్చినప్పుడు వరహాలరావు గారిని డైరెక్టరు గారు ఓడించారు. ఆ డైరెక్టరు గారిని రాజధానిలో కార్యదర్శి గారు ఓడించారు. ఆ లెక్కన రాష్ట్రంలోకెల్లా గొప్ప షటిల్ ఆటగాడు కార్యదర్శి గారని తేలింది. ఆయనకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. అసెంబ్లీ సమావేశాల వల్ల తాను రాలేనని విచారం వెలిబుచ్చారు. డైరెక్టరు గారికి మోకాలి ఆపరేషను అయి నెల కూడా కాలేదు. ఇక మెరిట్ ప్రకారం మిగిలింది వరహాలరావు గారే. వయసు అడ్డు కాదా అని ఎవరో సణిగితే, ఇంతకన్న పెద్దవాళ్ళు ఆడరాదని పోటీ నియమాల్లో ఎక్కడా లేదని కామేశం గారు తేల్చేశారు.

సంచీ మోసేందుకు, అక్కడి దారులు తెలిసినవాడు కనక, నీలాద్రిని సహాయకుడిగా పంపాలని తీర్మానమైంది.

ఇంటికెళ్తే వాళ్ళమ్మ ఎదురొచ్చింది. "వెళ్తున్నావంటగా నాన్నా! ఎప్పుడు ఆట?"

"వెళ్తున్నానే. ఆడేది మా సారు. సంచీ మోసేది నేను."

ఆవిడ లోపలికెళ్ళి అన్నం వడ్డించింది. నీలాద్రి కంచం ముందు కూర్చుని ఏడ్చాడు. ఏడవడానికి సిగ్గుపడలేదు కూడా. మూడేళ్ళ నుంచి ఆపుకున్నదంతా ఆ కంచంలోనే పడింది.

కార్డిఫ్‌లో వాన. వరహాలరావు గారు రెండు స్వెట్టర్ల మీద కోటు, కోటు మీద మఫ్లర్ వేసుకుని హాల్లోకి వచ్చి ఎవరితో ఎవరికి ఆటో గోడ మీద అంటించిన జాబితా చూశారు. మొదటి ఆట రిస్ పారీతో. నీలాద్రి ఆ పేరు చూసి భుజం మీది సంచీ కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ తను కలగన్న ఆట అది. కలలో తన వెనక సంచీ పట్టుకుని ఎవరైనా ఉన్నారేమో గానీ, సంచీ పట్టుకున్నది తను మాత్రం కాదు.

ఈ పారీ సంగతి కొంచెం చెప్పాలి. అంతర్జాతీయ ఆటగాడే గానీ ఆ దేశంలో అందుకని ఎవరూ శాలువా కప్పరు. పొద్దున్నే ఇంటింటికీ ఉత్తరాలు పంచుతాడు. మధ్యాహ్నం నుంచి ఆడతాడు. పోటీలకి సొంత ఖర్చుతో వెళ్తాడు, గెలిస్తే మర్నాడు ఉత్తరాలు పంచుతాడు, ఓడినా మర్నాడు ఉత్తరాలు పంచుతాడు. అతని కెరీరంతా అంతే.

ఆట మొదలైంది. వరహాలరావు గారు అలవాటు ప్రకారం కోర్టు మధ్యలో నిలబడి, రాకెట్ ఎత్తి, కాక్ వస్తుందని ఎదురుచూశారు. కాక్ రాలేదు. ఆయన లేని చోటికి వెళ్ళి పడింది. మళ్ళీ ఎదురుచూశారు. మళ్ళీ వేరే చోటికి వెళ్ళింది. కాక్‌లో ఏదో లోపం ఉందని అంపైర్‌కి చెప్పి మార్పించారు. కొత్తది కూడా అలాగే దారి తప్పింది.

"ఏవయ్యా, ఈ దేశపు కాక్‌లు తిన్నగా రావడం లేదు. గాలి ఉందేమో చూడు" అన్నారు విరామంలో, రొప్పుతూ.

"లేదండి" అన్నాడు నీలాద్రి. తువ్వాలు అందించాడు.

రెండు గేముల్లోనూ వరహాలరావు గారికి ఒక్క పాయింటు రాలేదు. ఆయన ఇంకా ఒళ్ళు వెచ్చబడలేదని అనుకుంటుండగానే పారీ వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నీలాద్రిని చూసి ఆగిపోయాడు.

"నువ్వు ఆ రోజు నాతో ఆడినవాడివి కదూ? ఆ నెట్ మీద పడ్డ కాక్ నాకిప్పటికీ గుర్తే. నువ్వెందుకు ఆడటం లేదు?"

నీలాద్రి వరహాలరావు గారిని చూపించి, "మా ఊళ్ళో ఈయన నన్ను రోజూ ఓడిస్తారు" అన్నాడు. అబద్ధం లేదు.

పారీ వరహాలరావు గారి వంక చూశాడు. నీలాద్రి వంక చూశాడు. మళ్ళీ వరహాలరావు గారి వంక చూశాడు. "సాయంత్రం పక్క హాల్లో ఓ గేము ఆడదాం రా" అన్నాడు.

సాయంత్రం వరహాలరావు గారు కూడా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. కుర్రవాడు ఓడిపోతే కాస్త ధైర్యం చెబుదామని వచ్చారు. నీలాద్రి రాకెట్ అందుకుని కోర్టులోకి దిగాడు. గెలవాలని ఒళ్ళంతా కోరుకుంటోంది. చెయ్యి మాత్రం వినడం లేదు. కాక్ వెళ్ళి సరిగ్గా పారీ రాకెట్ మధ్యలో వాలుతోంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. పక్కకి కొడదామని చూస్తాడు, చివరి క్షణంలో మణికట్టు తనంతట తనే తిరిగిపోయి వినయంగా అందిస్తుంది. పారీ సంతోషంగా కొట్టేస్తున్నాడు. నీలాద్రి దూకి పడిపోతున్నాడు. ఒకసారి "అయ్యబాబోయ్" అని కూడా అన్నాడు.

బెంచీ మీద వరహాలరావు గారు నవ్వుతూ చూస్తున్నవారు నవ్వడం మానేశారు. ఆ వచ్చే కాక్‌ని ఆయన ఎరుగును. రెండడుగులు పరిగెత్తిస్తుంది, అందదేమో అనిపిస్తుంది, చెయ్యి చాపితే రాకెట్ నడిమధ్యన వచ్చి కూర్చుంటుంది. మూడేళ్ళుగా ప్రతి సాయంత్రం తన దగ్గరికి వచ్చిన కాక్ అది. ఎదురుగా నిలబడి చూసినంతకాలం అదంతా తన ఆటే అనుకున్నారు. ఇప్పుడు పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మఫ్లర్ తీసి పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"నీలాద్రీ!"

"సార్!" కాక్ వదిలేసి తిరిగి నిలబడ్డాడు నీలాద్రి.

"ఇది నీ పై అధికారిగా నా ఆర్డరు. అతన్ని ఓడించు."

"సార్... అతని హోదా ఏంటో..."

"పోస్ట్‌మ్యానయ్యా! ఇందాక అతనే చెప్పాడు. జూనియర్ అసిస్టెంటు కన్నా కింద! ఓడించొచ్చు, రూలు ఒప్పుకుంటుంది!"

నీలాద్రి చేతిలో ఏదో ముడి విడిపోయింది. మూడేళ్ళుగా రాకెట్‌ని వెతుక్కుంటూ వెళ్ళిన కాక్ ఇప్పుడు రాకెట్ లేని చోటుని వెతుక్కుంది. ఎదుటివాడు ఎక్కడ ఉంటాడో అంత బాగా తెలిసినవాడికి ఎక్కడ ఉండడో తెలియకపోవడమేమిటి? పారీ హాలంతా పరిగెత్తాడు. మొదట నవ్వాడు, తరవాత నవ్వడం మానేసి ఆడాడు, చివర్న రాకెట్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. ఆఖరి కాక్ ఈసారి నెట్ దరిదాపులకే పోలేదు.

"వచ్చే ఏడు నువ్వే రా. సంచీ ఆయన్ని మొయ్యమను" అన్నాడు పారీ. వరహాలరావు గారికి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆయన తల ఊపారు.

తిరిగొచ్చేసరికి వరహాలరావు గారి బల్ల మీద మెమో. గెజిటెడ్ అధికారి అయి ఉండి విదేశీ పోస్ట్‌మ్యాన్ చేతిలో ఓడిపోయి హోదాకి భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలని డైరెక్టరు గారు రాశారు. కామేశం గారు ఫైలు ముందేసుకుని మూడురోజులు ఆలోచించి దారి కనిపెట్టారు. సదరు రిస్ పారీని ఆట జరిగిన తేదీ నుండి వర్తించునట్లుగా అడిషనల్ డైరెక్టరు హోదాకి సమానమైన వ్యక్తిగా గుర్తించారు. దాంతో వరహాలరావు గారు పై హోదావారి చేతిలో, చిత్తుగా, సర్క్యులర్ ప్రకారమే ఓడిపోయినట్టు తేలింది. డైరెక్టరు గారు ఆయన్ని అభినందించారు.

ఉత్తరాలు పంచుకుంటున్న పారీకి తన ప్రమోషను సంగతి తెలియదు. అయితే అదే తేదీ నుంచి నీలాద్రి విదేశీ గడ్డ మీద ఒక అడిషనల్ డైరెక్టరుని ఓడించినవాడయ్యాడు. 'మీపై తీవ్ర చర్య ఏల తీసుకొనరాదో' అని మెమో వచ్చింది. ఈ మెమో తేలేదాకా వచ్చే ఏటి పోటీకి అతను పెట్టుకున్న దరఖాస్తు కదలదని కామేశం గారు చల్లగా చెప్పారు.

ఆ సాయంత్రం వరహాలరావు గారు మెమోనీ దరఖాస్తునీ చంకలో పెట్టుకుని క్లబ్బుకి వచ్చారు. బెంచీ మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన తువ్వాలు పరిచారు.

"ముందు ఆడదాం. నిజంగా ఆడు. ఒక్క కాక్ నాకు అందించావంటే ఊరుకోను."

"అలాగేనండి."

నీలాద్రి నిజంగానే ఆడాడు. గుమాస్తాలు కుర్చీలు ముందుకి జరుపుకుని చూశారు. వరహాలరావు గారు కోర్టు నాలుగు మూలలా పరిగెత్తారు, రొప్పారు, పడ్డారు. ఆయన పడటం అదే మొదటిసారి. మధ్యలో ఎక్కడో గాల్లోకి గుడ్డిగా విసిరిన రాకెట్‌కి కాక్ తగిలి నీలాద్రి వెనకాల పడింది. చివర్లో, ఆట ఇక అయిపోతుందనగా, రెండడుగులు పరిగెత్తి, చెయ్యి చాపి, అందదేమో అనుకున్నదాన్ని అందుకుని నెట్ పక్కన మెత్తగా జారవిడిచారు. ఇరవయ్యొకటికి రెండు.

"రెండు! చూశారర్రా? రెండు!" అని అరిచారు వరహాలరావు గారు. మూడేళ్ళు రోజూ గెలిచినప్పుడు కూడా ఆయన అలా అరవలేదు. అక్కడికక్కడే వాళ్ళావిడకి ఫోను చేసి, "రెండు పాయింట్లు కొట్టానే! సొంతంగా!" అని చెప్పారు. అటువైపు ఆవిడ ఏమందో గానీ, ఈయన కళ్ళు తుడుచుకున్నారు.

తరవాత బెంచీ మీద కూర్చుని మెమో తీశారు. 'పై అధికారిగా నా ఆజ్ఞ మేరకే ఓడించెను. ఇతని తప్పు లేదు' అని రాసి సంతకం పెట్టారు. దరఖాస్తు తీశారు. కలం దాని మీద ఆనించి ఆగారు.

"నీలాద్రీ, నిజం చెప్పు. ఆ రెండూ నేను కొట్టినవేనా? నువ్విచ్చినవి కావు కదా?"

గుమాస్తాల పక్కన కూర్చున్న కామేశం గారు కళ్ళజోడు తుడవడం ఆపారు.

"కాదండి. మీరు కొట్టినవేనండి" అన్నాడు నీలాద్రి, ఆయన కళ్ళలోకి చూస్తూ.

వరహాలరావు గారు సంతకం పెట్టేశారు.

మొదటి పాయింటు ఆయన కొట్టిందే, అందులో అనుమానం లేదు. రెండోదాని సంగతి నీలాద్రి వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు.